తోడుపెట్టిన అద్దాలు

ఆ ఏడాది వానలు వెనకబట్టాక సాగరదర్శిని అపార్ట్‌మెంట్ల కింద పక్షులు మళ్లీ పడటం మొదలైంది.

ఇందుమతి రోజూ తెల్లారగానే ఒక గుడ్డసంచీ పట్టుకుని కిందికి దిగేది. విశాఖపట్నం చివర కొండవాలులో కట్టిన భవనాలవి. వెనక అడవి, ముందు సముద్రం. గోడల కన్నా కిటికీలే ఎక్కువ. అడవిలోంచి దిగివచ్చే పక్షికి ఆ అద్దాల్లో ఇంకో ఆకాశం, ఇంకో చెట్టు కనిపించేవి. వేగం తగ్గించకుండా వచ్చి వాటిలోకే దూసుకుపోయేది.

ఆ ఉదయం క్రోటన్ మొక్కల మధ్య ఆకుపచ్చ రెక్కల గువ్వ ఒకటి పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే ఒళ్లింకా వెచ్చగానే ఉంది, మెడ మాత్రం నిలవలేదు. కార్లు పెట్టే చోట ఇంకో రెండు చిన్న పిట్టలు దొరికాయి. ఒకదాని మీదుగా అప్పటికే కారు వెళ్లిపోయింది.

అసోసియేషన్ కార్యదర్శి కృపానందం గారు నడక ముగించుకుని వస్తూ ఆమె చేతిలో సంచీ చూసి ఆగాడు.

"ఏంటి మేడమ్, పోయినేడు మీ పూత వేశాక ఒక్కటీ పడలేదని అందరం సంబరపడ్డాం. ఈసారి కొత్త పూత వేయించాక ఇంకా ఎక్కువైపోయాయేంటి?"

"చూస్తున్నామండీ."

"మీరు చూస్తూనే ఉన్నారు. మా మనవరాలు ఆ చప్పుళ్లకి బాల్కనీలోకే రానంటోంది."

ఇందుమతికి కాళ్లు లాగుతున్నాయి. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. సంచీని పక్కకి పట్టుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది.

ఆ పూత ఆమె కనిపెట్టిందే. ఊదారంగు దాటాక మనిషి కంటికి అందని వెలుగు ఒకటుంది. చాలా పక్షులకు అది మామూలు రంగే. సాలీడు దారంలో ఉండే పదార్థం లాంటిదాన్ని ఇందుమతి ప్రయోగశాలలో పెంచింది. దాన్ని అద్దం మీద పల్చగా పరిస్తే తనంతట తానే గీతలు గీతలుగా పేరుకునేది, ఎండ తగలగానే ఆ వెలుగుని వెనక్కి విసిరేది. మనిషికి అది ఖాళీ అద్దం, పక్షికి అడ్డంగా కట్టిన దడి. పైగా ఆ గీతలు ఎండతోపాటు మెల్లగా కదులుతుండేవి. అందువల్ల పక్షులు వాటికి అలవాటు పడిపోయి నిర్లక్ష్యం చేసేవి కావు.

చిక్కు ఒక్కటే. ఎండావానలకి అరిగే పూతని ఏటా కొత్తగా వేయాలి గానీ, ఆ పదార్థాన్ని ప్రతిసారీ మొదటినుంచీ తయారుచేయడం కుదరదు. పాలలో మజ్జిగచుక్క వేసి తోడుపెట్టినట్టు, పాత పూతలోంచి కాస్త తీసి కొత్త ద్రావణంలో కలపాలి. పెరుగు ఒకనాడు గడ్డగా, ఒకనాడు నీళ్లగా తోడుకున్నట్టే ఒక్కో తడవ గీతలు ఒక్కో తీరున వచ్చేవి. అందులో మంచి అద్దాన్ని ఎంచి, దాన్నే మళ్లీ తోడుకు వాడాలి. ఎంచడం ఎలా? కెమెరా ఎంత వెలుగుందో కొలిచి అంకె చెప్పేది. ఆ వెలుగు చూపుకి అడ్డంలా తగులుతోందా, ఖాళీ జాగాలా అనిపిస్తోందా అన్నది దానికి తెలిసేది కాదు. చూసే కన్ను ఒకటి కావాలి.

ఆ కన్ను ఆమె ఇంట్లోనే దొరికింది.

ఆమె భర్త పైడిరాజుకు పుట్టుకతోనే రెండు కళ్లలోనూ శుక్లాలు. పసివాడిగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేసి కంటిలోని కటకాలు తీసేశారు. వాటి బదులు కొత్తవి అమర్చే వీలు అప్పట్లో లేక, సోడాబుడ్డి కళ్లద్దాలతోనే చదువూ ఉద్యోగమూ నెట్టుకొచ్చాడు. కంటిలోని కటకమే ఆ కనిపించని వెలుగుని లోపలికి పోనివ్వకుండా ఆపుతుంది. కటకం లేని మనిషికి అది లేత నీలంగా కనిపిస్తుంది. ఇందుమతికి ఆ సంగతి చదువులో తెలిసిందే, మొగుడికి అన్వయించుకోవాలని మాత్రం ఎన్నడూ తట్టలేదు. ఒక ఆదివారం ప్రయోగశాలకి క్యారియర్ తెచ్చిన పైడిరాజు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ బల్ల వైపు చూశాడు.

"ఏటే ఇందూ, ఆ అద్దం మీద నీలంగా ఏటో పాకుతోంది?"

ఆమె చేతిలోని అన్నం గిన్నె అలాగే ఉండిపోయింది.

పైడిరాజు రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివేవాడు. ఏ బండి ఎంత ఆలస్యమో అతని గొంతులో వింటే జనానికి కోపం కూడా వచ్చేది కాదనేవాళ్లు. ఆ పనికి యంత్రం వచ్చాక అతన్ని ఒక మూల గదిలో కాగితాలు సర్దడానికి కూర్చోబెట్టారు. కొన్నాళ్లు చూసి ముందుగానే ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చేశాడు. పిల్లలు లేరు. ఇందుమతి పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే రాక. వండిపెట్టడం, టీవీ పెట్టుకోవడం, అది చూడకుండానే కట్టేయడం, ఇదే అతని రోజు. భార్యాభర్తల మధ్య పోట్లాట అనేది ఏమీ లేదు. మాటే లేదు.

ఆ ఆదివారం తర్వాత మాట వచ్చింది. ఆ వెలుగుని ఆపని గాజుతో అతనికి వేరే కళ్లజోడు చేయించింది. వారానికి మూడు మధ్యాహ్నాలు అతను అద్దాల ముందు కూర్చునేవాడు, ఆమె పక్కన కూర్చుని అతను చెప్పింది కంప్యూటర్లో ఎక్కించుకునేది. "ఎడమ పక్క గీతలు బాగా లేచాయి. కింది మూల చిక్కుపడింది, దువ్వుకోని జుత్తులాగ. ఇది వద్దు, పక్కది తియ్యి." స్టేషన్లో బండ్ల సంగతి చెప్పినంత నిబ్బరంగా చెప్పేవాడు. పని అయ్యాక క్యాంటీన్లో టీ తాగుతూ కూడా ఆ మాటలే. అక్కడినుంచి ఇంకెక్కడెక్కడికో వెళ్లేవాళ్లు. తన చిన్నప్పటి సంగతులు అతను అప్పుడే చెప్పాడు. పెళ్లయి అన్నేళ్లయినా ఆమె అవి వినలేదు.

కంటి డాక్టరు ముందే చెప్పింది, ఆ వెలుగు కటకం లేని కంటికి మంచిది కాదని, చూసినా కాసేపే చూడాలని. ఇద్దరూ తలూపారు. కాసేపు అన్నది మెల్లగా గంటలైంది.

గువ్వ దొరికిన రోజు మధ్యాహ్నం కూడా పైడిరాజు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఇందుమతి పరధ్యానంగా ఉంది. బల్ల మీదున్న అద్దాన్ని చట్రంలో బిగించి దీపం వేసింది.

"ఎలా ఉందండీ?"

అతను కాసేపు చూశాడు. తల కొద్దిగా పక్కకి వాల్చాడు.

"బావుంది. పైనుంచి కిందకి బాగా దిగాయి గీతలు. కుడి పక్క కొంచెం పల్చగా ఉంది గానీ, ఇది తోడుకి పనికొస్తాది. రాసుకో."

ఆమె ఎక్కించుకుంటూ తర్వాతి అద్దం కోసం చెయ్యి చాపింది. పూత వేసిన అద్దాలన్నీ కట్ట విప్పకుండా పక్కనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి తీయలేదు. చట్రంలో ఉన్నది ఇంకా పూత వెయ్యని ఉత్త అద్దం.

ఇందుమతి వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. అతను ఇంకా అద్దం వైపే చూస్తున్నాడు, మొహంలో పని చేస్తున్న మనిషి శ్రద్ధ.

"మధ్యలో ఎలా ఉంది?" అని అడిగింది, గొంతు మామూలుగా ఉంచుకుని.

"మధ్యలోనా? మధ్యలో చక్కగా అల్లుకుంది."

"సరే. ఇవాళ్టికి చాలు."

"అప్పుడేనా? ఇంకా కట్ట ఉందన్నావు కదా."

"తలనొప్పిగా ఉందండీ. వెళ్దాం."

అతన్ని ఆటో ఎక్కించి ఆమె వెనక్కి వచ్చింది. ఈ ఏడాది తయారైన అద్దాలన్నిటినీ కెమెరా ముందు పెట్టింది. ఎప్పుడూ చూసే అంకెతో ఆగలేదు, బొమ్మని కూడా పెద్దది చేసి చూసింది. గీతలు మంచివో కావో ఆ బొమ్మ చెప్పలేదు గానీ, అసలున్నాయో లేవో చెబుతుంది. అంకెలు ఎన్నడూ లేనంత ఎక్కువగా ఉన్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బొమ్మలో మాత్రం గీతలు లేవు. కన్ను ఎంచకుండా గుడ్డిగా తోడుపెడుతూ వచ్చిన పూతలో గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అద్దమంతా ఒకే వెలుగు. పక్షి కంటికి ఆకాశం కూడా అచ్చంగా అదే వెలుగు. సాగరదర్శిని కిటికీలన్నిటికీ ఆమె తన చేతులతో ఆకాశం పూసిపెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో మొదటిసారి అతన్ని పరీక్షగా చూసింది. గ్లాసులోకి నీళ్లు పోస్తూ అంచు లోపల వేలు పెట్టుకుంటున్నాడు. పప్పు డబ్బా మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేశాడు. పిలిస్తే ఆమె వైపు తిరగకుండా ఆమె భుజం పక్కకి చూశాడు. ఇవన్నీ చాన్నాళ్లుగా ఆమె కళ్ల ముందే జరుగుతున్నాయి.

మర్నాడు ఆ కంటి డాక్టరే, షమీమ్, చాలాసేపు పరీక్ష చేసింది. తర్వాత పైడిరాజుని బయట కూర్చోమని ఇందుమతిని ఉండమంది.

"నడిమి చూపు పోయింది. అంచులు మాత్రం మిగిలాయి. లోపలి పొర కాలినట్టుంది. ఇది ఈ నెలా, పోయిన నెలా జరిగింది కాదు మేడమ్. మీకు తెలియలేదా?"

"తెలియలేదు."

"తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఇంక ఆ వెలుగు చూడకూడదు, ఒక్క నిమిషం కూడా."

బయటికొచ్చి ఇద్దరూ బస్‌స్టాప్‌లో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఏదీ ఎక్కాలనిపించలేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఉగాది ముందర మధ్యలో మసక మసగ్గా మొదలైంది. దులిపేస్తే పోతాదేమో అన్నట్టుండేది. ఎండలు ముదిరేసరికి నీ మొహం కనపడ్డం మానీసింది. పక్కకి చూస్తే చెవి కనపడతాది, జడ కనపడతాది."

"మరి అద్దాల మీద గీతలు?"

"గొంతుంది కదా. చెప్పీసేవాణ్ణి."

"ఎందుకండీ? ఎందుకలా చేశారు?"

అతను జేబులోంచి రుమాలు తీసి కళ్లజోడు తుడిచాడు. తుడిచినా ఒకటే, తుడవకపోయినా ఒకటేనని ఇద్దరికీ తెలుసు.

"కనపడట్లేదంటే నువ్వు ఇంటికెళ్లి పడుకోమంటావు. మంచిదానివి, మందులు కూడా తెచ్చిస్తావు. మళ్లీ పొద్దున వెళ్తే రాత్రికొస్తావు. నేను టీవీ ముందు కూర్చోవాలి." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఇందూ, పక్షులు అందుకే పడతన్నాయా?"

ఆమెకు అబద్ధం ఆడాలనిపించింది. అతను అన్నాళ్లు ఆడినంత సులువుగా తనకి రాలేదు.

"అవును."

పైడిరాజు రుమాలు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ మడిచాడు. ఇందుమతికి గుర్తొచ్చింది, ఎన్నోసార్లు అద్దాలు చూశాక అతని కళ్లు ఎర్రబడి నీరు కారేవి. "మండుతున్నాయా?" అని అడిగేది. "లేదే" అనేవాడు. ఆ జవాబు తనకి కావలసినదే కాబట్టి రెండోసారి అడిగేది కాదు. ఆ సంగతి అతనితో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు గానీ, కాదని గట్టిగా అనలేదు.

అపార్ట్‌మెంట్ హాల్లో సమావేశం ఆ వారంలోనే జరిగింది. ప్రయోగశాల అధిపతి చలపతి గారు ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చున్నాడు. ఇందుమతి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరి కళ్లతో పూత ఎంచారో, ఆ కళ్లకి ఏమైందో, కొత్త పూత ఎందుకు పక్షుల్ని లాగుతోందో. పూతంతా గీకి తీసేయాలంది.

"తీసేస్తే? మళ్లీ మామూలేగా?" అన్నాడు కృపానందం గారు.

"కిటికీల బయట సన్నటి నైలాన్ తాళ్లు వేలాడదీద్దాం. తాడుకీ తాడుకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. పక్షి అందులోంచి దూరడానికి చూడదు, పక్కకి తప్పుకుంటుంది. వేరే చోట్ల వేసి చూశారు, పనిచేస్తోంది."

హాల్లో గుసగుసలు లేచాయి. వెనకనుంచి ఎవరో, "జైల్లో ఉన్నట్టుంటుంది" అన్నారు.

"ఇందుమతి గారూ, సముద్రం కనపడుతుందనే కదా మేమంతా ఇక్కడ ఇళ్లు తీసుకున్నాం," అన్నాడు కృపానందం గారు, మర్యాదగానే. "మనుషులకి అడ్డం లేకుండా ఉంటుందనేగా మీ పూతకి ఒప్పుకున్నాం."

చలపతి గారు లేచి ఆయన్ని ఊరుకోమన్నట్టు చెయ్యి చూపించాడు. "కంగారు పడాల్సిందేమీ లేదు. పోయినేటి మంచి పూత తోడు మా చల్లగదిలో భద్రంగానే ఉంది. దాన్నుంచి మళ్లీ మొదలుపెడతాం. కావలసిందల్లా చూసేవాళ్లు." ఇందుమతి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పైడిరాజు గారి విషయంలో నాకూ బాధగానే ఉందమ్మా. కానీ పాతకాలం ఆపరేషన్లు చేయించుకున్న ముసలాళ్లు పల్లెల్లో ఎంతమంది లేరు? ఒక ప్రకటన ఇస్తే వరస కడతారు. ఈసారి జాగ్రత్తగా, కొంతకాలానికి ఒకరిని మార్చుకుంటూ వెళ్దాం."

"ఎన్నాళ్లకి ఒకరిని మార్చాలి సార్?"

"అదే, డాక్టర్లని అడిగి..."

"ఒక్కొక్కరి దగ్గర ఎంత చూపు తీసుకుని పంపించేద్దాం?"

చలపతి గారి మొహం ఎర్రబడింది. "అలా మాట్లాడితే ఎలాగమ్మా? లోకంలో ఎన్ని కిటికీలు, ఎన్ని పక్షులు! నువ్వు ఏళ్లు ధారపోసిన పని ఇది."

ఆమెకు వాదించే ఓపిక లేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధమూ లేదు. ఆ పూత సరిగ్గా కుదిరిన ఏడాది ఆమె సంచీ ఖాళీగా పట్టుకుని పైకి వచ్చేది. అంత సంతోషం ఆమెకు మరి దేనివల్లా కలగలేదు.

సమావేశం ఏమీ తేలకుండానే ముగిసింది. ఇందుమతి అక్కడినుంచి నేరుగా ప్రయోగశాలకి వెళ్లింది. చల్లగది తలుపు తీసి, వెనక అరలో ఉన్న సీసా తీసుకుంది. అరచేతిలో పట్టేంత సీసా, అడుగున తెల్లటి మడ్డి. అది ఉంటే ఎవరో ఒకరు వాడతారు. చలపతి కాకపోతే ఆయన తర్వాత వచ్చేవాళ్లు. ప్రతి తడవా తోడుపెట్టాలి, ప్రతి తడవా ఎవరో ఒకరు దాని ముందు కళ్లు తెరుచుకుని కూర్చోవాలి.

తొట్టి దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించింది. దీన్ని పారబోస్తే కొన్ని వేల పక్షులు తన మూలంగా పోతాయేమో. ఆ లెక్క ఎవరూ తేల్చలేరు. బస్‌స్టాప్ బల్ల మీద మడతలు పడుతూ వీడుతూ ఉన్న రుమాలు మాత్రం కళ్ల ముందే ఉంది. సీసా మూత తీసి అందులో బ్లీచింగ్ నీళ్లు పోసి ఊపింది. మడ్డి విరిగి, పసుపుపచ్చగా మారి కరిగిపోయింది. తొట్టిలో వంచి కుళాయి తిప్పింది. కుర్చీలో కూలబడి, చేతులకి బ్లీచింగ్ వాసన పోయేదాకా అలాగే ఉండిపోయింది.

చలపతి గారు తనని ఉద్యోగంలోంచి తీసేయకముందే ఆమె రాజీనామా ఇచ్చేసింది. ఆయన అరిచాడు, తర్వాత బతిమాలాడు, చివరికి సంతకం పెట్టాడు. ఇన్నేళ్లూ కలిసి పనిచేసిన మనిషి ఆమె మొహం చూడలేదు.

ఇంటికొచ్చాక ఒక రోజంతా పడుకుంది. పైడిరాజు చారు కాచి, అన్నం కలిపి తెచ్చాడు. ఉప్పు రెండుసార్లు పడినట్టుంది. ఆమె తినేసింది.

ఆ మర్నాడు బజారుకెళ్లి నైలాన్ తాడు ఉండలు తెచ్చింది. కిటికీ పైన కర్ర బద్ద బిగించి తాళ్లు కట్టడం మొదలుపెట్టారు. పైడిరాజు కిటికీ లోపలే కూర్చుని, నాలుగు వేళ్లు ఆనించి ఎడం కొలిచి ముడి వేసేవాడు. వేళ్లకి చూపుతో పని లేదు. ఆమె కొసలకి చిన్న ఇనప వాషర్లు కట్టి కిందికి వదిలేది. సముద్రం చారలు చారలుగా అయింది. మొదట ఇద్దరికీ వింతగా ఉంది. తర్వాత్తర్వాత ఆమె చూపు ఆ తాళ్లని పట్టించుకోవడం మానేసింది.

బయటినుంచి మాత్రం ఇంటికి కొబ్బరి పీచు గడ్డం మొలిచినట్టుందని ఎవరో అన్నారు. తీసేయమని కృపానందం గారు నోటీసు అంటించాడు. పైడిరాజు దాన్ని తడిమి, "ఏటి రాశాడే?" అని అడిగాడు. ఆమె చదివి వినిపించింది. "తెలుగు బాగా రాశాడు," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇందుమతికి నవ్వొచ్చింది.

కొత్త పూత గీకించడానికి అసోసియేషన్ ఒప్పుకుంది గానీ పని నత్తనడక నడుస్తోంది. ఆమె పొద్దున్నే సంచీతో దిగడం మానలేదు. తాళ్లు కట్టిన తమ కిటికీల కింద ఏదీ దొరకడం లేదు. మిగతా చోట్ల దొరుకుతూనే ఉన్నాయి. కొన్నిసార్లు పైడిరాజు కూడా ఆమె మోచెయ్యి పట్టుకుని దిగేవాడు. ఆమె వంగి తీసిన పక్షిని తన అరచేతిలో పెట్టమనేవాడు. రెక్క మీద బొటనవేలు రాసి తిరిగి ఇచ్చేసేవాడు. వద్దంటే వినేవాడు కాదు.

ఒక ఉదయం తలుపు ఎవరో దబదబా బాదారు. పై అంతస్తులో ఉండే నీలవేణి. ఇంకా తల దువ్వుకోలేదు, చేతుల్లో తువ్వాలు మూట.

"ఆంటీ, మా హాలు కిటికీకి కొట్టుకుంది. బతికే ఉందాంటీ, చూడండి."

మూటలో తొమ్మిది రంగుల పిట్ట. గోధుమరంగు ఒళ్లు, నీలం భుజాలు, పొట్ట కింద ఎర్రగా. నోరు తెరుచుకుని రొప్పుతోంది. ఏ ఊరినుంచి ఏ ఊరికి వెళ్తోందో. ఇందుమతి దాన్ని అట్టపెట్టెలో గుడ్డ పరిచి పెట్టి మూత వేసి, చీకటిగా ఉన్న గదిలో ఉంచింది.

"కాసేపు కదపకూడదమ్మా. తేరుకుంటే వదిలేద్దాం. తేరుకోకపోవచ్చు కూడా."

నీలవేణి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఖాళీ తువ్వాలు చేతికి చుట్టుకుంటోంది. సమావేశంలో వెనకనుంచి జైలు మాట అన్నది ఈ అమ్మాయేనని ఇందుమతికి తెలుసు, గొంతు అప్పుడే గుర్తుపట్టింది.

"మా బుడ్డోడు చూస్తుండగానే జరిగిందాంటీ. పాలు తాగుతున్నాడు. ఆ చప్పుడుకి గ్లాసు వదిలేశాడు." కిటికీ వైపు, తాళ్ల మధ్య కనిపిస్తున్న సముద్రం వైపు చూసింది. "ఈ తాళ్లు ఎక్కడ కొన్నారు?"

ఇందుమతికి నడుం నొప్పిగా ఉంది. పొద్దున్నుంచీ ఇంకా కాఫీ కూడా తాగలేదు. మేడ మీదికి ఎక్కాలి, బద్దలు బిగించాలి, ఆ తర్వాత కృపానందం గారితో మళ్లీ మొదటినుంచీ మాట్లాడాలి. ఒక్క ఇంటికి అయ్యేది కాదు, ఈ భవనాలన్నిటికీ తమ జీవితకాలంలో పూర్తయ్యేదీ కాదు.

ఆమె నోరు తెరిచేలోపే పైడిరాజు కుర్చీలోంచి లేచాడు. గోడ పట్టుకుని రెండడుగులు వేసి, మూలనున్న తాడు ఉండని కాలితో తడిమి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"మీ ఇంటికి కిటికీలెన్నమ్మా?" అని అడిగాడు.